రెగ్యులేటరీ రిటర్న్ మారినప్పుడు ఆ మార్పును నడిపించడం ఎలా?

బ్యాంకు రిపోర్టింగ్ టీమ్‌లో ఏళ్ల తరబడి రిటర్న్‌లు (బ్యాంకులను పర్యవేక్షించే రెగ్యులేటర్‌కు నిర్ణీత టెంప్లేట్‌లో పంపే అంకెల నివేదికలు) తయారుచేసిన వాళ్లకు ఉన్నట్టుండి చేంజ్ లీడ్ బాధ్యత, అంటే మార్పును ముందుండి నడిపించే పని, వచ్చి పడుతుంది. అప్పుడు వాళ్లు అడిగేది దాదాపు ఒకటే: "కొత్త రూల్ వచ్చింది, టెంప్లేట్ మారింది, గడువు దగ్గరపడుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?" వేరే రంగంలో ప్రాజెక్టులు నడిపి ఇటు వచ్చిన వాళ్ల టెన్షన్ వేరు: "ప్లాన్ వేయడం వచ్చు, ఈ సెల్స్, ఈ నిబంధనలే తలకెక్కడం లేదు." ఇద్దరికీ పనికొచ్చేలా మొత్తం పనిని వరసగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఈ పనిని ఐటీ ప్రాజెక్టుగా మాత్రమే చూసిన చోటల్లా అది ఇరుక్కుపోతుంది. సిస్టమ్ కట్టడం ఇందులో సులువైన భాగం. నిబంధనలోని ఒక వాక్యాన్ని మీ బ్యాంకు తన ఖాతాలకు ఎలా అన్వయించుకుంది, ఆ నిర్ణయం ఎవరిది, దానివల్ల అంకె ఎంత మారింది అనే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితే పని అయినట్టు. చెప్పలేకపోతే, రిటర్న్ గడువులోపు వెళ్లినా కానట్టే లెక్క.

ఉదాహరణకు అంతటా ఎల్‌సీఆర్‌నే (లిక్విడిటీ కవరేజ్ రేషియో) తీసుకుంటాను. బ్యాంకులకు అంతర్జాతీయ ప్రమాణాలు రూపొందించే బాసెల్ కమిటీ 2013 జనవరిలో ఇచ్చిన నిబంధన ప్రకారం, 30 రోజుల ఒత్తిడి కాలంలో బయటికి పోయే నికర నగదుకు కనీసం సమానంగా, అంటే 100 శాతం, వెంటనే నగదుగా మారే నాణ్యమైన ఆస్తులు బ్యాంకు దగ్గర ఉండాలి. మీరు చూసేది వేరే రిటర్న్ అయినా పద్ధతి ఇదే.

కావలసినవి

- తుది నిబంధన, నింపే సూచనలు, టెంప్లేట్, వాలిడేషన్ రూల్స్ (సెల్స్ మధ్య లెక్కలు కలుస్తున్నాయో చూసే తనిఖీలు), టాక్సానమీ (ఫైలులో ఏ అంకెకు ఏ గుర్తు వాడాలో చెప్పే జాబితా). ఐదూ ఒకే వెర్షన్‌వి అయ్యుండాలి. కన్సల్టేషన్ దశలో దించుకున్న టెంప్లేట్‌తోనే సగం పని చేసేసిన టీమ్‌లు ఉంటాయి.
- బ్యాంకు పంపే అన్ని రిటర్న్‌ల జాబితా. పేరు, ఎంతకాలానికోసారి, గడువు, సోలోనా (బ్యాంకు ఒక్కదానిదే) కన్సాలిడేటెడా (గ్రూపు మొత్తానిది), ఎవరిది అన్నవి ఉంటే చాలు. ఈ జాబితా లేకపోతే మొదటి వారం అదే చేయండి.
- గత రెండు కాలాలకు నిజంగా పంపిన ఫైళ్లు. మీ డ్రైవ్‌లో ఉన్న 'ఫైనల్_ఫైనల్' వద్దు. రెగ్యులేటర్ పోర్టల్‌లో ఉన్నదే తీసుకోండి.
- రిటర్న్ మీద సంతకం పెట్టే అధికారి పేరు. కమిటీ పేరు పనికిరాదు, ఒక మనిషి పేరు కావాలి.
- రిపోర్టింగ్, ట్రెజరీ లేదా రిస్క్, ప్రోడక్ట్, డేటా విభాగాల నుంచి ఒక్కొక్కరు. నిర్ణయం తీసుకోగల స్థాయి వాళ్లు కావాలి. మీటింగ్‌లో నోట్స్ రాసుకుని వెళ్లి పైవాళ్లను అడిగే వాళ్లతో నెలలు గడిచిపోతాయి.
- ఒక ఇంటర్‌ప్రిటేషన్ లాగ్, అంటే నిబంధనను మన ఖాతాలకు ఎలా అన్వయించుకున్నామో రాసి పెట్టే పట్టిక. మామూలు ఎక్సెల్ షీటు చాలు. నన్నడిగితే ఈ మొత్తం సామగ్రిలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

1. తేదీలను విడదీయండి

'గో-లైవ్ డేట్' అని ఒక్కటే రాసుకుంటే పప్పులో కాలేసినట్టే. కనీసం మూడు తేదీలు ఉంటాయి. నిబంధన అమల్లోకి వచ్చే తేదీ ఒకటి. మొదటిసారి కొత్త పద్ధతిలో లెక్కించాల్సిన రిఫరెన్స్ డేట్, అంటే ఏ రోజు నాటి అంకెలు పంపాలో ఆ తేదీ, రెండోది. ఆ రిటర్న్ పంపాల్సిన గడువు మూడోది. కొత్త నిబంధన ప్రకారం ఖాతాలను వర్గీకరించే డేటా మొదటి తేదీ నుంచే పోగవ్వాలి. గడువును మాత్రమే చూసుకుని పని చేస్తే, రిఫరెన్స్ డేట్ నాటి డేటాను వెనక్కి వెళ్లి వెతుక్కోవాల్సి వస్తుంది.

తేదీలు జరుగుతాయి కూడా. బాసెల్ కమిటీ 2017 డిసెంబరులో ఖరారు చేసిన మూలధన నిబంధనలకు మొదట అనుకున్న తేదీ 2022 జనవరి 1. కోవిడ్ కారణంగా 2020 మార్చిలో దాన్ని ఏడాది వాయిదా వేశారు. యూరోపియన్ యూనియన్‌లో అవి మొదలైంది 2025 జనవరి 1న. బ్రిటన్ 2027 జనవరి 1 అని ప్రకటించింది. వాయిదా పడిందని వినగానే టీమ్‌ను విడదీసి వేరే పనులకు పంపేయడం మేనేజ్‌మెంట్‌కు బాగా అలవాటు. అడ్డుపడండి. అందరినీ ఆపలేకపోతే, లాగ్ రాస్తున్న మనిషిని మాత్రమైనా వదలకండి. డెవలపర్లు మళ్లీ దొరుకుతారు. ఆ నిర్ణయాల వెనక కథ తెలిసిన మనిషి దొరకడు.

2. పాతదానికీ కొత్తదానికీ తేడా సెల్ స్థాయిలో తీయండి

పాత టెంప్లేట్, కొత్త టెంప్లేట్ పక్కపక్కన పెట్టి ప్రతి సెల్‌కూ ఒక గుర్తు వేయండి: కొత్తది, తీసేసినది, నిర్వచనం మారినది, వాలిడేషన్ మాత్రమే మారినది, ఏమీ మారనిది.

కొత్త సెల్స్ అందరి కంటా పడతాయి, బడ్జెట్ కూడా వాటికే దొరుకుతుంది. దెబ్బ కొట్టేవి మూడో రకం. వరుస సంఖ్య అదే, పేరు అదే, లోపల నిర్వచనం మాత్రం మారి ఉంటుంది. టెంప్లేట్‌ను చూస్తే తెలియదు, నింపే సూచనల పాత, కొత్త ప్రతులను వాక్యం వాక్యం పోలిస్తేనే బయటపడుతుంది. ఇది విసుగు పుట్టించే పనే. అయినా జూనియర్‌కు అప్పజెప్పి ఊరుకోకండి, కనీసం సగమైనా మీరే చదవండి.

తర్వాత పక్క రిటర్న్‌లు చూడండి. టైర్ 1 మూలధనం (నష్టాలను ముందుగా భరించే ప్రధాన మూలధనం) నిర్వచనంలో చిన్న మార్పు వచ్చిందనుకోండి. అది మూలధన రిటర్న్‌తో ఆగదు. లెవరేజ్ రేషియోలో (మూలధనానికీ బ్యాంకు మొత్తం ఎక్స్‌పోజర్‌కూ, అంటే అప్పులు, పెట్టుబడుల్లాంటి రూపాల్లో రిస్కులో ఉన్న మొత్తానికీ, ఉన్న నిష్పత్తి) పైన ఉండేది ఆ అంకే. ఒకే ఖాతాదారుకు ఇవ్వగల పెద్ద ఎక్స్‌పోజర్‌కు బాసెల్ పెట్టిన 25 శాతం పరిమితికి ఆధారం కూడా అదే. మీ జాబితాలోని ప్రతి రిటర్న్ పక్కనా 'ఈ మార్పు తగులుతుందా' అని ఒక కాలమ్ చేర్చండి. ఖాళీగా వదలకుండా అవుననో కాదనో రాయించండి.

3. ఇంటర్‌ప్రిటేషన్ లాగ్ రాయండి

నిబంధనలు మీ ప్రోడక్టుల పేర్లతో రాసి ఉండవు. ఎల్‌సీఆర్‌లో రిటైల్ టర్మ్ డిపాజిట్ల సంగతే చూడండి. మెచ్యూరిటీకి 30 రోజులకన్నా ఎక్కువ మిగిలిన డిపాజిట్‌ను బయటికి పోయే నగదు లెక్కలోంచి తీసేయొచ్చు. కానీ ఒక షరతు ఉంది. ఆ 30 రోజుల్లో వెనక్కి తీసుకునే చట్టబద్ధమైన హక్కు డిపాజిటర్‌కు ఉండకూడదు, లేదా ముందే తీసుకుంటే పడే జరిమానా పోయే వడ్డీకన్నా గణనీయంగా ఎక్కువగా ఉండాలి.

మెచ్యూరిటీ తేదీ సిస్టమ్‌లో ఉంది, కాబట్టి డెవలపర్ దాన్ని చూసి ఫిల్టర్ పెట్టేస్తాడు. అతని తప్పేమీ లేదు. కానీ అసలు ప్రశ్న మెచ్యూరిటీ గురించి కాదు, డిపాజిట్ ఒప్పంద పత్రంలోని షరతు గురించి. మీ బ్యాంకు అమ్మే టర్మ్ డిపాజిట్లలో ముందే విరమించుకునే వీలున్నవి ఎన్ని రకాలు? జరిమానా ఎంత? 'గణనీయంగా' అంటే మీ బ్యాంకు దృష్టిలో ఎంత? ఈ మూడింటికీ జవాబు ప్రోడక్ట్, లీగల్ విభాగాలు కలిసి చెప్పాలి. చెప్పినదాన్ని మీరు రాసి పెట్టుకోవాలి.

లాగ్‌లో ఒక్కో ప్రశ్నకు ఒక్కో వరుస. నిబంధన పేరా సంఖ్య, మన ప్రోడక్ట్, ప్రశ్న, వీలున్న జవాబులు, ఎంచుకున్నది, ఎందుకు, అంకె మీద ప్రభావం, ఆమోదించినవారు, తేదీ, మళ్లీ ఎప్పుడు చూడాలి అన్నవి కాలమ్‌లు. ప్రభావం కాలమ్ నింపడానికి అందరూ బద్ధకిస్తారు. అది లేకపోతే దేనికి గంట కేటాయించాలో దేనికి వారం కేటాయించాలో మీకే తెలియదు.

ప్రభావం ఎంత ఉండొచ్చో ఒక చిన్న లెక్క. నాణ్యమైన ఆస్తులు 120, నికర నగదు పోత (బయటికి పోయే నికర నగదు) 100 అనుకుందాం. ఎల్‌సీఆర్ 120 శాతం. ఈ పోతలో ఒక ఆర్థిక సంస్థ పెట్టిన 40 డిపాజిట్ ఉంది. దాన్ని ఆపరేషనల్ డిపాజిట్ (క్లియరింగ్, నగదు నిర్వహణ లాంటి సేవల కోసం ఖాతాదారు ఉంచేది) అని గుర్తు వేశారు కాబట్టి, ఒత్తిడిలో 25 శాతమే పోతుందన్న లెక్కన 10 మాత్రమే లెక్కలోకి వచ్చింది. తీరా చూస్తే అది ఆపరేషనల్ నిర్వచనంలోకి రాదు. అప్పుడు 100 శాతం, అంటే 40 మొత్తం పోతే. నికర పోత 130 అవుతుంది, ఎల్‌సీఆర్ 92.3కి పడిపోతుంది. ఒక్క ఖాతా మీద ఒక్క గుర్తు బ్యాంకును 100 శాతం కింద పడేసింది. పైగా ఆపరేషనల్ డిపాజిట్ నిజమైనదే అయినా, ఆ సేవకు అవసరమైన మేరకే 25 శాతం వర్తిస్తుంది. మిగులు మొత్తానికి వర్తించదు. ఆ మిగులు ఎంతో లెక్కించే పద్ధతి లాగ్‌లో మరో వరుస.

హెచ్చరిక: "మార్కెట్లో అందరూ ఇలాగే చేస్తున్నారు" అన్న మాటను కారణంగా రాయకండి. కన్సల్టెంట్ చెప్పినా సరే. నిబంధన పేరా ఏది, మన ఒప్పందంలో ఏముంది, ఈ రెండే కారణాలు. నిజంగా అస్పష్టంగా ఉంటే రెగ్యులేటర్‌నే అడగండి. అయితే "ఏం చేయమంటారు?" అని అడగొద్దు. "మేము ఈ పేరాను ఇలా అర్థం చేసుకున్నాం, కారణం ఇది, జవాబు వచ్చేదాకా ఇలా పంపుతాం" అని రాయండి. జవాబు రాకపోయినా మీ వైఖరి కాగితం మీద ఉంటుంది.

ఒకే ప్రశ్నకు ఫైనాన్స్ ఒక జవాబు, రిస్క్ ఇంకో జవాబు ఇవ్వడం మామూలే. ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి లాగ్‌లో ఒకే జవాబు రాయించండి. లేదంటే ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు రెండు రిటర్న్‌లలో ఒకే డిపాజిట్ రెండు వర్గాల్లో కనిపిస్తుంది.

4. డేటా ఎక్కడుందో వెతకండి, లేకపోతే ఏం చేస్తారో తేల్చండి

ప్రతి కొత్త సెల్‌కూ, నిర్వచనం మారిన ప్రతి సెల్‌కూ మూల సిస్టమ్, టేబుల్, ఫీల్డ్, ఆ ఫీల్డ్‌ను నింపే విభాగం రాయండి. ఫీల్డ్ పేరు చూసి నమ్మకండి. వెయ్యి రికార్డులు బయటికి తీసి చూడండి. కస్టమర్ రకం అనే ఫీల్డ్‌లో సగానికి సగం 'ఇతరులు' అని ఉంటే, ఆ ఫీల్డ్ లేనట్టే.

డేటా దొరకనప్పుడు దారులు నాలుగు. నేను ఇష్టపడే వరుసలోనే చెబుతున్నాను.

అ) మూల సిస్టమ్‌లోనే ఫీల్డ్ చేర్చి, ఖాతా తెరిచేటప్పుడే నింపించడం. అన్నిటికన్నా మంచిది, అన్నిటికన్నా ఆలస్యం. పాత ఖాతాలకు ఎవరు నింపుతారన్నది విడిగా అడగాలి.

ఆ) మధ్యలో ఒక రిఫరెన్స్ టేబుల్ పెట్టడం. ప్రోడక్ట్ కోడ్‌కు ఎదురుగా రిటర్న్ వర్గం ఉంటుంది. టర్మ్ డిపాజిట్ షరతుల్లాంటి వాటికి ఇది చక్కగా సరిపోతుంది. టేబుల్ బాధ్యత ప్రోడక్ట్ విభాగానికే ఉండాలి. కొత్త ప్రోడక్ట్ ఆమోదం ఫారంలో 'రిటర్న్ వర్గం' అన్న గడి చేర్పించండి, లేదంటే ఆరు నెలల్లో టేబుల్ పాతబడిపోతుంది.

ఇ) కఠినమైన డిఫాల్ట్. వర్గం తెలియని రిటైల్ డిపాజిట్‌ను స్థిరమైనదిగా 5 శాతం పోతలో కాక, తక్కువ స్థిరమైనదిగా 10 శాతం పోతలో వేయడం లాంటిది. ట్రెజరీకి ముందే చెప్పాలి, ఎందుకంటే ఆ తేడాకు ఆస్తులు పట్టి ఉంచేది వాళ్లే. ఇంకో జాగ్రత్త ఉంది. కఠినంగా ఉండటం, సరిగ్గా ఉండటం ఒకటి కాదు. గణాంకాల కోసం పంపే రిటర్న్‌లలో 'కఠినం' అనే మాటకు అర్థమే లేదు. అక్కడ తప్పు తప్పే.

ఈ) మాన్యువల్ అడ్జస్ట్‌మెంట్. తప్పదు, ప్రతి బ్యాంకులోనూ ఉంటుంది. కానీ ప్రతి దానికీ ఒక నంబరు, చేసినవారు, చూసినవారు, ముగింపు తేదీ ఉండాలి. ఇది చాదస్తం కాదు. 2021 డిసెంబరులో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్‌లోని పీఆర్‌ఏ (బ్రిటన్ బ్యాంకులను పర్యవేక్షించే విభాగం) స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకుకు 4.655 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. డాలర్ లిక్విడిటీ కొలత రిపోర్టింగ్‌లో వచ్చిన తప్పుల్లో ఒకటి స్ప్రెడ్‌షీట్‌లోది. సున్నా లేదా మైనస్ ఉండాల్సిన గడిలో ప్లస్ అంకె పడింది.

డేటా మొత్తం శుభ్రమయ్యేదాకా ఆగుదామనుకుంటే ఏ మార్పూ పూర్తికాదు. రిస్క్ డేటా ఎలా ఉండాలో చెప్పే బీసీబీఎస్ 239 సూత్రాలు 2013 జనవరిలో వచ్చాయి. ప్రపంచ స్థాయి పెద్ద బ్యాంకులకు 2016 జనవరి గడువు. 2023 నవంబరులో బాసెల్ కమిటీ చూసేసరికి, పరిశీలించిన 31 బ్యాంకుల్లో అన్ని సూత్రాలనూ పూర్తిగా పాటిస్తున్నవి రెండే. కాబట్టి లోపం ఉండటం వింత కాదు. అది ఏదో, ఎంతో మీకు తెలిసి ఉండాలి.

5. ప్లాన్‌ను గడువు నుంచి వెనక్కి వేయండి

గడువు నుంచి వెనక్కి లెక్కపెడుతూ సంతకం, తుది రివ్యూ, రెండు డ్రై రన్‌లు (నిజంగా పంపకుండా చేసే రిహార్సల్స్), టెస్టింగ్, బిల్డ్, లాగ్ ఖరారు అని వరసగా తేదీలు వేయండి. డ్రై రన్ కనీసం ఒకటి నిజమైన నెలాఖరు డేటాతో, నిజమైన పని దినాల్లో జరగాలి. నెల మధ్యలో తీరిగ్గా చేస్తే అందరూ పాస్. నెలాఖరున అదే మనుషులు లెడ్జర్ క్లోజింగ్‌లో మునిగి ఉంటారు. అప్పుడు ఎవరు ఎప్పుడు ఖాళీ అన్నదే అసలు సమస్య.

సమయం చాలదని తేలితే వెంటనే స్కోప్ కోయండి. ఆటోమేషన్‌ను వాయిదా వేయొచ్చు, అందమైన డ్యాష్‌బోర్డును వాయిదా వేయొచ్చు. లాగ్‌నూ పారలల్ రన్‌నూ (పాత, కొత్త పద్ధతులు రెండూ నడిపి పోల్చడం) మాత్రం కోయకండి. వెండర్ టూల్ వాడే బ్యాంకులైతే, కొత్త టాక్సానమీకి వెండర్ విడుదల ఎప్పుడో రాతపూర్వకంగా అడగండి. ఆ తేదీకి రెండు వారాలు కలుపుకుని ప్లాన్ వేయండి. వెండర్ మీ తరఫున ఇంటర్‌ప్రిటేషన్ కూడా చేస్తాడని అనుకోకండి. టూల్‌లో వచ్చే డిఫాల్ట్ మ్యాపింగ్ ఇంకో బ్యాంకు ప్రోడక్టులకు సరిపోయేది కావచ్చు.

6. బిల్డ్, టెస్టింగ్

దీని గురించి ఎక్కువ చెప్పను, మీ ఐటీ వాళ్లకు పద్ధతులు ఉంటాయి. మీరు పట్టుబట్టాల్సినవి రెండు. టెస్ట్ కేసులు లాగ్‌లోని వరుసల నుంచి రావాలి, ప్రతి నిర్ణయానికీ కనీసం ఒక టెస్ట్. కోడ్‌లో ప్రోడక్ట్ కోడ్‌లు నేరుగా రాసేయకుండా అవి టేబుల్‌లోంచే రావాలి.

7. పారలల్ రన్ నడిపి తేడాను వివరించండి

ఒకే తేదీ డేటా మీద పాత పద్ధతి, కొత్త పద్ధతి రెండూ నడపండి. వచ్చిన తేడాను కారణాలవారీగా విడగొట్టండి. పాత ఎల్‌సీఆర్ 118, కొత్తది 109 అనుకుందాం. తేడా మైనస్ 9. ఆపరేషనల్ డిపాజిట్ల పునర్వర్గీకరణ మైనస్ 6, టర్మ్ డిపాజిట్ షరతు మైనస్ 4, డేటా దిద్దుబాటు ప్లస్ 2. మొత్తం మైనస్ 8. ఇంకా మైనస్ 1 మిగిలింది.

ఆ ఒక్కటే కదా అని వదిలేయాలనిపిస్తుంది, గడువు ముందు మరీను. వదలకండి. అది నిజంగా ఒకటే కావచ్చు. ప్లస్ 30, మైనస్ 31 కలిసి ఒకటైనా కావచ్చు. నికర తేడా కాకుండా, ఖాతా స్థాయిలో ఎన్ని మొత్తాలు ఒక వర్గం నుంచి ఇంకో వర్గానికి జరిగాయో చూస్తేనే ఏదో తెలుస్తుంది. నికరంగా చిన్నది, విడిగా పెద్దవి ఉంటే గో-లైవ్‌కు ఒప్పుకోకండి.

పారలల్ రన్‌లో ఇంకోటి తరచూ జరుగుతుంది. కొత్తది సరైనదే, పాతదే ఇన్నాళ్లూ తప్పు అని తేలుతుంది. "ఎలాగూ కొత్తది వస్తోంది కదా, అందులో సర్దుకుపోతుంది" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట వినగానే ఆ విషయాన్ని మీ చేంజ్ ప్లాన్‌లోంచి తీసి, సంతకం పెట్టే అధికారికీ కంప్లయన్స్‌కూ విడిగా రాసి పంపండి. ఇప్పటికే పంపిన రిటర్న్‌లో తప్పు ఉన్నట్టు మీకు తెలిసింది. కొత్త ప్రాజెక్టు దాన్ని కప్పలేదు.

8. సంతకానికి పంపేది రెండు పేజీలే ఉండనివ్వండి

అరవై పేజీల ప్యాక్ పంపితే అధికారి చదవరు, సంతకం మాత్రం పెడతారు. అది మీకూ మంచిది కాదు, వాళ్లకూ కాదు. ఏం మారింది, అంకె ఎంత కదిలింది, కారణాలు ఏవి, పెద్ద ఇంటర్‌ప్రిటేషన్ నిర్ణయాలు ఐదు, ఇంకా ఉన్న మాన్యువల్ అడ్జస్ట్‌మెంట్లు, తెలిసిన లోపాలు. ఇంతే. ఎదురుగా కూర్చుని వివరించే అరగంట అడిగి తీసుకోండి. 'నోటెడ్' అని వచ్చిన ఈమెయిల్‌ను ఆమోదంగా లెక్కపెట్టకండి. 'ఆమోదిస్తున్నాను' అన్న మాట రావాలి.

పోర్టల్ యాక్సెస్ కనీసం ఇద్దరికి ఉందో లేదో, డిజిటల్ సర్టిఫికెట్ గడువు ఎప్పుడో వారం ముందే చూడండి. టెస్ట్ పోర్టల్ ఉంటే అక్కడ ఫైలు ఒకసారి ఎక్కించండి. గడువు రోజు సాయంత్రం ఎక్కించే ప్లాన్‌ను ప్లాన్ అనరు.

9. మొదటి మూడు సబ్మిషన్ల దాకా టీమ్‌ను ఉంచండి

మొదటిసారి అందరూ కళ్లల్లో వత్తులు వేసుకుని చూస్తారు. తప్పులు రెండో, మూడో నెలలో వస్తాయి. అప్పటికి కొత్త ప్రోడక్ట్ ఒకటి వచ్చి ఉంటుంది, మాన్యువల్ అడ్జస్ట్‌మెంట్ ఒకటి తీయడం మరిచిపోయి ఉంటారు. ముగింపు తేదీ దాటిన అడ్జస్ట్‌మెంట్ల జాబితాను ప్రతి నెలా చూసి, పొడిగించాలంటే కొత్త ఆమోదం తీసుకోండి.

ఫలితం సరిగ్గా వచ్చిందని ఎలా తెలుసుకోవాలి?

వాలిడేషన్ రూల్స్ అన్నీ పాసైతే చాలనుకోవడం అన్నిటికన్నా పెద్ద భ్రమ. అవి మొత్తాలు కలుస్తున్నాయా, ఒక సెల్‌కూ ఇంకోదానికీ సంబంధం నిలుస్తోందా అన్నది చూస్తాయి. 40 డిపాజిట్ తప్పు వరుసలో పడితే మొత్తం మారదు, ఏ రూలూ అరవదు. అందుకే ఇవి చేయండి:

- లెడ్జర్‌తో కలపండి. రిటర్న్‌లోని డిపాజిట్ల మొత్తానికీ జనరల్ లెడ్జర్ మొత్తానికీ మధ్య తేడాను పైసా దాకా వివరించండి.
- రెండు వైపుల నుంచి నడవండి. ఒక సెల్ తీసుకుని ఖాతాల దాకా వెళ్లండి. తర్వాత ఒక ఖాతా తీసుకుని అది ఏ సెల్‌లో పడిందో చూడండి. మొదటి నడకలో ఉన్నవి సరైనవో కాదో తెలుస్తుంది, రాకుండా పోయినవి రెండో నడకలోనే దొరుకుతాయి.
- ఖాతాలను ఎంచేటప్పుడు చక్కనివి వద్దు. డెబిట్ బ్యాలెన్స్‌లోకి వెళ్లిన డిపాజిట్ ఖాతా, విదేశీ కరెన్సీ ఖాతా, నెల చివరి రోజు తెరిచినది, వెనక తేదీతో సవరించినది, చాలాకాలంగా కదలికలేనిది తీసుకోండి.
- నిబంధన చదివి, కోడ్ చూడకుండా, బిల్డ్‌లో లేని ఒకరితో కొన్ని సెల్స్ చేత్తో లెక్క కట్టించండి.
- అంకె చూపించకముందే ట్రెజరీ వాళ్లను ఎంత వస్తుందనుకుంటున్నారో అడిగి రాసుకోండి. చూపించాక అందరూ "అవును, అంతే ఉంటుంది" అంటారు. ముందే అడిగితే వాళ్ల అంచనాకూ మీ అంకెకూ ఉన్న దూరం ఎక్కడ తవ్వాలో చెబుతుంది.

తరచూ జరిగే తప్పులు

యూనిట్లు: టెంప్లేట్ వేలల్లో అడిగితే పూర్తి అంకె వేయడం. ప్లస్, మైనస్ గుర్తులు: పోతను కొన్ని రిటర్న్‌లు ప్లస్‌లో, కొన్ని మైనస్‌లో అడుగుతాయి. సున్నా, ఖాళీ: 'మా దగ్గర అలాంటివి లేవు' అన్నదీ 'ఈ గడి మాకు వర్తించదు' అన్నదీ వేరు. ఎక్స్‌బీఆర్‌ఎల్ (అంకెలను కంప్యూటర్ చదివేలా రాసే ఫార్మాట్) ఫైళ్లలో దీన్ని కలిపేస్తే ఫైలు తిరిగి రావచ్చు, లేదా తప్పు అర్థంతో వెళ్లిపోవచ్చు. మారకపు రేటు: లెడ్జర్ ఒక తేదీ రేటు, రిటర్న్ ఇంకో తేదీ రేటు వాడటం. కన్సాలిడేటెడ్ రిటర్న్‌లో గ్రూపు కంపెనీల మధ్య డిపాజిట్లను తీసేయకపోవడం, సోలో రిటర్న్‌లో పొరపాటున తీసేయడం. ఈ ఐదింటికీ ఒక చెక్‌లిస్టు చేసి ప్రతి డ్రై రన్‌లోనూ వాడండి.

వీటికన్నా తక్కువగా కనిపించే తప్పు ఇంకోటి ఉంది. లాగ్‌లో నిర్ణయం మారుతుంది, కోడ్ మారదు. లేదా కోడ్ మారుతుంది, లాగ్ మారదు. రిలీజ్ ఆమోదించే ముందు ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టి చూడటం మీరే చేయండి, ఇంకెవరూ చేయరు.

పంపాక తప్పు దొరికితే

2019 నవంబరులో, రిటర్న్‌ల తయారీలోనూ దాని మీద నియంత్రణల్లోనూ లోపాలకు పీఆర్‌ఏ సిటీ గ్రూపు బ్రిటన్ సంస్థల మీద దాదాపు 4.39 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. పైన చెప్పిన స్టాండర్డ్ చార్టర్డ్ కేసులో లెక్క తప్పు ఒక్కటే కాదు, ఒక తప్పును నెలల తరబడి లోపలే విచారించుకుని ఆలస్యంగా చెప్పడం కూడా ఆరోపణల్లో ఉంది. కాబట్టి మొత్తం కారణం తేలాకే చెబుదామని ఆగకండి.

మొదట తప్పు ఎంత పెద్దదో, ఏ కాలం నుంచి ఉందో స్థూలంగా అంచనా వేయండి. సంతకం పెట్టిన అధికారికీ కంప్లయన్స్‌కూ అదే రోజు చెప్పండి. రెగ్యులేటర్‌కు ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది కంప్లయన్స్ నిర్ణయిస్తుంది. మీ పని వాళ్లకు తెలిసినది, తెలియనిది, తెలిసే తేదీ అని మూడు వరుసల్లో రాసివ్వడం. అదే తప్పు వేరే రిటర్న్‌లలో కూడా ఉందేమో రెండో దశలో తయారుచేసిన 'తగులుతుందా' కాలమ్‌తో చూడండి.

రీసబ్మిషన్‌కు ముందు దిద్దిన ఫైలులో ఆ ఒక్క మార్పే ఉందని సెల్ సెల్ పోల్చి నిర్ధారించుకోండి. దిద్దే తొందరలో కొత్త డేటా మీద నడిపి, వేరే సెల్స్ కూడా మార్చేసి పంపడం తరచూ జరుగుతుంది. మొదటి ఫైలును చెరపకుండా రెండూ భద్రపరచండి. నెలవారీ ట్రెండ్ రిపోర్టులో ఇకపై ఏ వెర్షన్ వాడాలో అదే రోజు మార్చండి, లేకపోతే వచ్చే నెల కదలిక వివరణ మొత్తం తప్పు అంకె మీద నడుస్తుంది.